మావాడా, మనవాడా?

2024 ప్యారిస్ ఒలింపిక్స్ ప్రారంభంలో భారత జెండా పట్టుకున్నవాళ్లు ఇద్దరు: పి.వి. సింధు, టేబుల్ టెన్నిస్ ఆటగాడు ఆచంట శరత్ కమల్. "ఇద్దరూ తెలుగువాళ్లే!" అని మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒకటే సంబరం. నేనూ ఇక్కడ జురాంగ్ ఈస్ట్‌లో నా తమిళ స్నేహితుడికి గొప్పగా చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. "శరత్‌ది చెన్నై. మావాడు" అన్నాడు.

"కాదు, మావాడు" అనబోయి ఆగాను.

ఇంగ్లీషులో ఒక్క మాట ఉన్నచోట తెలుగులో రెండున్నాయి. "మా" అంటే వినేవాళ్లు బయట. "మన" అంటే వినేవాళ్లు కూడా లోపలే. నేర్చుకునే మొదట్లో మా అమ్మనే "మా ఇంటికి ఎప్పుడొస్తావు?" అని అడిగాను. "అయితే అది నా ఇల్లు కాదా?" అంది.

శరత్ తెలుగు కుటుంబంలో పుట్టి చెన్నైలో పెరిగాడు. నాన్న శ్రీనివాసరావు గారే కోచ్. పదిసార్లు జాతీయ చాంపియన్, ఐదు ఒలింపిక్స్. కామన్వెల్త్ సింగిల్స్ స్వర్ణం 2006లో గెలిచాడు, మళ్లీ 2022లో, నలభై ఏళ్ల వయసులో. అప్పుడే హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ కూడా గెలిచాడు. 2025 మార్చిలో చెన్నైలోనే ఆఖరి మ్యాచ్ ఆడాడు. ఓడించింది ఎవరు? హైదరాబాద్ కుర్రాడు స్నేహిత్! ఇందులో "మా" ఎక్కడ ఆగాలి?

ఈ ఆటలోనే ఏంజెలికా రోజానూ అనే చాంపియన్ ఉండేది. రొమేనియాలో పుట్టిన యూదురాలు. యుద్ధం రోజుల్లో యూదులని ఆమెని ఆట హాలులోకే రానివ్వలేదు. తర్వాత 1950 నుంచి 1955 వరకు వరుసగా ఆరుసార్లు ప్రపంచ సింగిల్స్ టైటిల్ గెలిచింది. అందులో 1952ది మన బొంబాయిలోనే. 1960లో ఇజ్రాయెల్ వెళ్లిపోయింది. గెలిచాక "మావాళ్లు" అనడం సులభం. తలుపు మూసిన రోజు ఎవరూ అలా అనలేదు.

నా ఉచ్చారణ విని ఒక బంధువు "మా తెలుగు ఇలా ఉండదమ్మా" అన్నప్పుడు నాకూ తలుపు వేసినట్టే అనిపించింది. ఆమెకి కోపం లేదు. కానీ ఆ "మా" గుచ్చుకుంది. "మన తెలుగులో ఇలా అంటాం" అని ఉంటే అదే తప్పు సంతోషంగా దిద్దుకునేవాణ్ణి.

అందుకే నా అభిప్రాయం ఇది: ఆటగాళ్ల విషయంలోనైనా, భాష విషయంలోనైనా ముందు "మన" అందాం. తమిళంలో కూడా ఈ తేడా ఉంది. స్నేహితుడితో "నమ్మ శరత్" అన్నాను. వాడు నవ్వి ఒప్పుకున్నాడు.

మీరు ఎక్కడ "మా" అని, తర్వాత "మన" అనాల్సింది అనుకున్నారు? తెలుగులోనే రాయండి. తప్పులు పర్వాలేదు.