కలమా, యంత్రమా?

శ్రీకాళహస్తి కలంకారీని గూర్చిన వాదములో రెండు పక్షములు గలవు. యంత్రపుటచ్చు చౌక గనుక సామాన్యులకు మేలని యొక పక్షము. అది కళను చంపుచున్నది గనుక నిషేధింపవలెనని వేఱొక పక్షము. ఉభయులును కంఠశోష పడుచున్నారు గాని, అసలు ప్రశ్నను విడిచినారు.

ఈ పని యెట్టిది? నూలుబట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన రసమున నానఁబెట్టి యెండవేయుదురు. ఇనుపముక్కలు, బెల్లము నీటఁ బులియఁబెట్టి చేసిన నల్లరంగుతో వెదురుకలమున రేఖలు తీయుదురు. ఎఱుపు రావలసినచోటఁ బటిక పూసి, పాఱునీట నుతికి, మరల రంగు పట్టింతురు. ఇందుకు దినములు, వారములు పట్టును. యంత్రమునకు నిమిషములు చాలును.

యంత్రమును మేము నిందింపము. బందరువారు చెక్కయచ్చులతో నద్దుచున్నారు. అచ్చు మాత్రమే నేరమైనచో వారును నేరస్థులే కావలెను. కాళహస్తిది వ్రాఁతపని. వ్రాయని దానిని వ్రాసినదని యమ్ముటయే నేరము. ఆ యబద్ధము కళాకారుని కూలిని దొంగిలించును, కొన్నవానిని వంచించును.

1999 నాటి భౌగోళిక సూచికల చట్టము క్రింద నీ కళ పేరు నమోదైనది. 2008లో జొన్నలగడ్డ గుఱ్ఱప్పశెట్టిగారికి పద్మశ్రీ లభించినది. గౌరవమునకు లోటు లేదు. కాని చట్టము ప్రతి యంగడిలోను గూర్చుండి కాపు గాయఁజాలదు. బిరుదము కుండలో బియ్యము పోయదు.

వర్తకులు సరకుపై "చేవ్రాఁత" యనియో, "యంత్రపుటచ్చు" అనియో స్పష్టముగా వ్రాయవలెను. అధికారులు దానిని విచారింపవలెను. పాఠకులు చీర కొనునప్పు డా యొక్క ప్రశ్న యడుగవలెను. ధనము చాలనివారు అచ్చుచీర కొనుట తప్పు గాదు. అచ్చును వ్రాఁతయని నమ్మించుట తప్పు. తెలిసియు నూరకుండుట యంతకంటెఁ దప్పు.