ఆ కొండ ఎవరి జాగీరు?

అభిమానుల్లో ఒక తెగ ఉంది. తాము ప్రేమించిన కళను పదిమందీ మెచ్చుకోవడం మొదలుపెట్టగానే ఆ తెగవారికి ఒంట్లో బాగుండదు. "అయ్యో, ఇంత గొప్ప సంగీతాన్ని లోకం పట్టించుకోవడం లేదే!" అని ఏళ్ళ తరబడి వాపోయినవారే, లోకం పట్టించుకొన్న మరునాడు "ఈ మూకకు ఏం తెలుసు?" అని ముఖం చిట్లిస్తారు. ఈ టపా ఆ తెగవారిని ఉద్దేశించి రాస్తున్నాను. ముఖ్యంగా, కేట్ బుష్ 1985లో వెలువరించిన 'హౌండ్స్ ఆఫ్ లవ్' ఆల్బమ్‌ను తమకు దఖలు పడిన మాన్యంగా భావించే పెద్దలను ఉద్దేశించి.

పాశ్చాత్య సంగీతంతో అంతగా పరిచయం లేని మిత్రులకోసం నాలుగు మాటలు. కేట్ బుష్ ఇంగ్లండు దేశపు గాయని, స్వరకర్త్రి. 1982లో ఆమె చేసిన 'ది డ్రీమింగ్' అనుకొన్నంతగా అమ్ముడుపోలేదు. ఆ తరువాత ఆమె గంటకింత అని అద్దె గుంజే స్టూడియోలకు నమస్కారం పెట్టి, లండను శివార్లలో తల్లిదండ్రుల ఇంటి ఆవరణలో ఉన్న పాత కొట్టంలో సొంత స్టూడియో అమర్చుకొన్నది. అక్కడ ఆమెకు ప్రధాన వాద్యం ఫెయిర్‌లైట్ అనే ఆస్ట్రేలియా యంత్రం. ఏ శబ్దాన్నైనా పట్టి దాచుకొని, మెట్లమీద స్వరాలుగా పలికించగల సింథసైజరు అది. ఆల్బమ్‌ను నిర్మించింది కూడా ఆమే. 1985 సెప్టెంబరులో విడుదలైన ఆ ఆల్బమ్, మడోనా 'లైక్ ఎ వర్జిన్'ను దించి బ్రిటన్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. అందులో మొదటి పాట 'రన్నింగ్ అప్ దట్ హిల్'.

2022 మే నెలాఖరున 'స్ట్రేంజర్ థింగ్స్' ధారావాహిక నాలుగో భాగంలో ఆ పాట వినిపించింది. జూన్‌లో అది బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. 1985లో మూడో స్థానం దగ్గర ఆగిపోయిన పాట, 37 ఏళ్ళ తరువాత శిఖరం ఎక్కిందన్నమాట. అప్పటికి గాయని వయస్సు 63. ఏ అభిమానికైనా ఇది పండుగ కావాలి. కాని మన పెద్దలు సూతకం పాటించారు. వారి అభియోగాలు ప్రధానంగా రెండు.

మొదటిది: "ఈ పిల్లలు టీవీ చూసి వచ్చారు."

అయ్యా, మీరు ఎలా వచ్చారు? 1978లో 'వుదరింగ్ హైట్స్' పాటతో ఆమెను బ్రిటన్‌లో ఇంటింటికీ చేర్చినవాటిలో బీబీసీ వారి 'టాప్ ఆఫ్ ది పాప్స్' ఒకటి. 1985 ఆగస్టులో ఈ కొండ పాటనే ఆమె మొదట పాడి వినిపించింది వోగన్ అనే కబుర్ల కార్యక్రమంలో. అదీ టీవీయే. ఆనాటి టీవీ గంగాజలమూ, ఈనాటి టీవీ మురుగునీరూ ఎలా అయ్యాయో ఎవరైనా వివరిస్తే వినాలని ఉంది.

అంతకన్నా విచిత్రం మరొకటుంది. అసలు కేట్ బుష్ తన సామగ్రిని ఎక్కడినుంచి తెచ్చుకొన్నది? ఎమిలీ బ్రాంటీ నవల చదివి 'వుదరింగ్ హైట్స్' ఆలోచన పుట్టిందనుకొంటే పొరపాటు. బీబీసీ తీసిన ధారావాహిక చివరి నిమిషాలు ఆమె కంటపడ్డాయి. పాట ఆలోచన అక్కడ పుట్టింది, పుస్తకం తరువాత వచ్చింది. 'హౌండ్స్ ఆఫ్ లవ్' అనే పాట మొదట్లో వినిపించే కంఠం 'నైట్ ఆఫ్ ది డెమన్' అనే 1957 నాటి దయ్యాల చిత్రంలోది. రెండో వైపున 'హలో ఎర్త్'లో, గుడిలో దీపాలన్నీ ఒక్కసారి కొండెక్కినట్టు వినవచ్చే ఆ బృందగానం జార్జియా దేశపు జానపద గీతం. దానికోసం ఆమె కాకసస్ పర్వతాలు ఎక్కలేదు. హెర్జోగ్ తీసిన 'నొస్ఫెరాతు' చిత్రంలో విన్నది, గుండె పట్టుకొన్నది, తన పాటలోకి తెచ్చుకొన్నది. తెరమీద చూసి ప్రేమించడం నేరమైతే మొదటి ముద్దాయి ఆ కళాకారిణే!

రెండో అభియోగం: "వీళ్ళకు ఒక్క పాటే తెలుసు."

ఇందులో కొంత నిజముంది. ఆ ఒక్క పాటలోనూ అరనిమిషం ముక్కతో తృప్తిపడినవారు ఉన్నారు. కాని ఈ లోపం ఈనాటిదా? ఈ ఆల్బమ్‌నుంచి బ్రిటన్‌లో సింగిల్స్‌గా వచ్చిన నాలుగు పాటలూ మొదటి వైపువే. రెండో వైపునుంచి ఒక్కటీ రాలేదు. కాబట్టి 1985లోనూ రేడియో శ్రోతల్లో చాలామందికి ఇల్లు తెలియదు, వీధి అరుగే తెలుసు. పిల్లలను అరుగుమీద చూసి తిట్టేవారు లోపలికి రమ్మని ఒక్కసారైనా పిలిచారా?

ఆ లోపల ఏముందో చెప్పవలసిందే. రెండో వైపు పేరు 'ది నైన్త్ వేవ్'. ఏడు పాటలు, ఒకే కథ. నడిసముద్రంలో, రాత్రివేళ, ప్రాణరక్షక కవచం తొడుక్కొని ఒక స్త్రీ ఒంటరిగా తేలుతోంది. నిద్రపోతే చావు, నిద్ర ముంచుకొస్తోంది. మంచుమీద జారుతూ, అడుగున చిక్కుకొన్నది తానేనని కనుగొంటుంది. మేలుకొలిపే గొంతులు మంత్రగత్తెను విచారించే న్యాయసభగా మారిపోతాయి. ఆమె ఆత్మ ఇంటికి వెళుతుంది. తనకోసం ఎదురుచూస్తున్నవారి మధ్య నిలబడుతుంది, వారికి కనిపించదు. యంత్రం మనస్సును చంపుతుందని వాదించే మిత్రులు ఈ పాటను దీపం తీసేసి వినాలి. గొంతును ముక్కలు చేసి అతికించే పనితనం వల్లనే, చెప్పాలనుకొని చెప్పలేకపోతున్న మనిషి బాధ అక్కడ మాటలను మించి పలికింది.

ఆపైన 'జిగ్ ఆఫ్ లైఫ్'. ముందుముందు తాను కాబోయే ముసలమ్మ ఎదురుగా వచ్చి నిలబడి, "నువ్వు ఇప్పుడు చస్తే నేనుండను, నాకోసం బతుకు" అన్నంత పని చేస్తుంది. ఇక్కడ సింథసైజరు ఒదిగి నిలుచుంటే ఐరిష్ వాద్యాలు చిందులు తొక్కుతాయి. కేట్ బుష్ తల్లి ఐర్లండు ఆడపడుచు. ఆ వాద్యాలను డబ్లిన్ వెళ్ళి ముద్రించి తెచ్చుకొన్నది. చివరకు తెల్లవారుజాము మంచులో, బతికి ఉన్నవారందరినీ పేరుపేరునా ప్రేమించాలన్న తహతహతో కథ ముగుస్తుంది.

ఇంతటి రచనను ఏళ్ళకేళ్ళు మోసినవారి ప్రేమను నేను తక్కువచేయను. 2014లో హామర్‌స్మిత్‌లో ఆమె 22 రాత్రులు ఈ రెండో వైపును పూర్తిగా రంగస్థలం మీదికి ఎక్కించినప్పుడు, అంతకు ముందరి 1979 యాత్రనుంచి 35 ఏళ్ళు కాచుకొని ఉన్నవారు ఆ సభలో ఉన్నారు. వారికి చేయెత్తి మొక్కుతాను. కాని నిరీక్షణ హక్కుపత్రం కాదు.

అసలు ఆ కొండ పాట దేన్ని గురించి? స్త్రీ పురుషులు ఒకరినొకరు అర్థం చేసుకోలేకపోతున్నారు. దేవుడితో ఒక ఒప్పందం చేసుకొని ఒకరి స్థానంలోకి ఒకరు వెళ్ళగలిగితే ఎంత బాగుండును, అన్నదే దాని సారం. మన భాషలో చెప్పాలంటే పరకాయప్రవేశం. ఆమె పెట్టదలచిన పేరు 'ఎ డీల్ విత్ గాడ్'. దేవుడి పేరుంటే కొన్ని దేశాల రేడియోలు వేయవన్న భయంతో కంపెనీవారు మార్పించారు. ఎదుటివారి చోట నిలబడి చూడమని చెప్పే పాటను 37 ఏళ్ళు విన్న మనిషి, పదిహేనేళ్ళ అమ్మాయి చోట ఒక్క క్షణం నిలబడలేకపోతే, ఇన్నాళ్ళూ విన్నదేమిటి?

ఆ ధారావాహికలో మాక్స్ అనే బడిపిల్ల ఉంది. సవతి అన్న చావు చూసి కుంగిపోయింది. రాక్షసుడి మాయలో చిక్కినప్పుడు స్నేహితులు ఆమె చెవులకు ఈ పాట పెట్టి వెనక్కి లాక్కొస్తారు. కథాకాలం 1986 వసంతం. అంటే ఆల్బమ్ వచ్చి ఆర్నెల్లు. మాక్స్ కూడా కొత్త అభిమానే! ఆమె సీనియారిటీని అక్కడెవ్వరూ అడగలేదు. కేట్ బుష్ కూడా అడగలేదు. తనకూ ఆ ధారావాహిక ఇష్టమని చెప్పి, కొత్త శ్రోతలకు కృతజ్ఞతలు తెలిపింది. కన్నతల్లికి లేని అభ్యంతరం మేనమామలకెందుకు?

మనకూ ఇది కొత్త సంగతి కాదు. 1980లో 'శంకరాభరణం' చూసి త్యాగరాజస్వామి వైపు తిరిగినవారు, పిల్లలను సంగీతం పాఠాలకు పంపినవారు మన ఇళ్ళలోనే ఉన్నారు. వారిని "సినిమా రసికులు" అని గుమ్మంలోనే ఆపివుంటే నష్టం ఎవరికి?

కాబట్టి పెద్దలకు నా విన్నపం ఇంతే. ఈసారి ఏ కుర్రవాడైనా ఆ కొండ పాట పాడుకొంటూ ఎదురైతే, "మిగతా పాటలు చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టకండి. పక్కన కూర్చోబెట్టుకొని, "దీనికి రెండో వైపు ఉంది నాయనా, ఇరవయ్యారు నిమిషాలు పడుతుంది, ఖాళీయేనా?" అని అడగండి. కాదంటే పోనీండి, మరోరోజు వస్తాడు. ఔనంటే దీపం ఆర్పేసి వినిపించండి. మధ్యలో మాత్రం దయచేసి వ్యాఖ్యానం చెప్పకండి.