పేపర్ బిల్లు ఎవరు కడుతున్నారు?

మొన్న ఇంటికి ఫోన్ చేస్తే నాన్న మాట మధ్యలో ఆపి, "పేపరబ్బాయి వచ్చాడురా, బిల్లు కట్టొస్తా ఉండు" అన్నారు. అప్పుడు వెలిగింది నాకు. ఉద్యోగంలో చేరి ఐదేళ్ళు దాటింది, వార్తల కోసం నా జేబులోంచి ఒక్క రూపాయి తీయలేదు. పైగా తెలుగు వార్తల సైట్ల నిండా సినిమా గాసిప్పులే అని లంచ్‌లో రోజూ తిట్టేది నేనే!

దీనికీ మార్క్ థాంప్సన్ అనే పెద్దమనిషికీ సంబంధం ఉంది. చెప్తా.

లండన్‌లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీషు సాహిత్యం చదివి, 1979లో బీబీసీలో ట్రైనీగా చేరారాయన. మధ్యలో ఛానల్ 4కి వెళ్ళి, 2004లో బీబీసీకే డైరెక్టర్ జనరల్‌గా తిరిగొచ్చారు. 2012 నవంబర్‌లో అట్లాంటిక్ దాటి న్యూయార్క్ టైమ్స్ కంపెనీకి సీఈఓ అయ్యారు. అంతా టీవీ మనిషి. మన భాషలో చెప్పాలంటే, పేపర్ల డొమైన్ కొత్త.

మరి వెంట తెచ్చుకున్నదేంటి? నాకు కనిపించేది ఒక్కటే: డబ్బు కట్టేవాడికే జవాబు చెప్పాలన్న అలవాటు. బ్రిటన్‌లో బీబీసీ ప్రకటనల మీద బతకదు. జనం కట్టే లైసెన్సు ఫీజు మీద బతుకుతుంది, 2010లో అది ఏడాదికి 145.50 పౌండ్లు. అక్కడ అది తప్పనిసరి. న్యూయార్క్‌లో మాత్రం పాఠకుణ్ణి ఒప్పించి కట్టించుకోవాలి.

పేవాల్ ఆయన కనిపెట్టింది కాదు, 2011లోనే మొదలైంది. కానీ 2015లో ఒక అంకె, ఒక గడువు పెట్టారు: ఏటా 40 కోట్ల డాలర్లున్న డిజిటల్ ఆదాయం 2020కల్లా 80 కోట్లవ్వాలి. అచ్చు పేపర్ మూసెయ్యలేదు. పాత సిస్టమ్ నడుస్తుండగానే పక్కన కొత్తది కట్టడం మనకి తెలిసిన పనేగా! అదే ఏడాది ఒక వారం పాటు ఆఫీసులో డెస్క్‌టాప్ హోమ్‌పేజీని బ్లాక్ చేశారు, అందరూ ఫోన్లో చూడండి అని. 80 కోట్లు 2019లోనే దాటేశాయి. 2020లో ఆయన దిగిపోయేనాటికి చందాదారులు 60 లక్షల పైనే.

దేవుడేం కాదు లెండి. 2014లో న్యూస్‌రూమ్‌లో ఓ వంద ఉద్యోగాలు తగ్గించారు. పింక్ స్లిప్ బాధ మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

2023లో సీఎన్ఎన్‌కి వెళ్ళారు. 2024లో ఆ సైటు కూడా పాఠకుల్ని డబ్బు అడగడం మొదలెట్టింది. మూడో చోటా అదే పాట!

"ఇంగ్లీషుకి ప్రపంచమంతా మార్కెట్, తెలుగుకి ఎక్కడిది?" అనొచ్చు మీరు. నిజమే. అందరూ కట్టాలని నేననను, కట్టలేనివాళ్ళకి వార్త అందాల్సిందే. కానీ మన జీతాలకి ఆ సాకు చెల్లదు. మనం కట్టకపోతే ప్రకటనలవాడు కడతాడు. వాడికి కావలసింది క్లిక్కులు, అందుకే గాసిప్పులు. తప్పు సైటుదొక్కటే కాదు, ఫ్రీగా క్లిక్ చేసే నాది కూడా.

అందుకని నిన్న ఒక తెలుగు పత్రికకి ఏడాది చందా కట్టేశా. గొప్పగా నాన్నకి చెప్తే ఆయనన్నదొక్కటే: "సరే, మరి చదువుతావా?"

మీరెప్పుడు కడుతున్నారు?