తలుపు టప్పన్నదానికి డ్రైవరు జీతం కోస్తారా?

ఇది కొంచెం పొడుగు రాత. ఓపికగా కడదాకా చదవండి. ఇష్టం లేనివాళ్ళు కనీసం ఆదివారం సమావేశానికి రండి.

పోయిన నెల కమిటీలో ఒక తీర్మానం అయింది. మన వ్యాను ఎడమ పక్క ముందు తలుపు డ్రైవరు మోటుతనం వల్ల చెడిందట. వర్క్‌షాపు ఎస్టిమేటు 18,600 రూపాయలు. కొత్త లాకు, కొత్త కీళ్ళు, తలుపుకి టింకరింగు, మళ్ళీ రంగు. అందులో సగం, అంటే 9,300, డ్రైవరు జీతంలో మూడు నెలలు పట్టుకోవాలి. మొదటి కోత 3,100 ఈ నెల అయిపోయింది కూడా. ఆ రోజు చేయి ఎత్తినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఎత్తింది తప్పు అని చెప్పడానికే ఈ రాత.

చేయి ఎత్తి ఇంటికి వచ్చినాక నిద్ర పట్టలేదు. రైల్వేలో ముప్పైరెండేళ్ళు రిజిస్టర్లు రాసినవాణ్ణి, రిజిస్టరు చూడకుండా ఓటు వేసినాను. మర్నాడు పోయి వ్యాను లాగ్ బుక్కు అడిగినాను. ఇచ్చినారు, ఎందుకు అని అడిగినారు, చూడాలి అన్నాను.

మార్చి 24న వ్యాను రంగు షాపునుంచి వచ్చింది. ఉగాదికి కొత్తగా కనిపించాలని కమిటీయే పంపింది. మార్చి 25న డ్రైవరు రాత ఉంది: ఎడమ తలుపు చప్పుడు మారింది. ఏప్రిల్ 2న మళ్ళీ అదే రాత. ఏప్రిల్ 11న ఇంకోసారి, ఈసారి కింద గీత గీసి రాసినాడు. మూడు రాతలకీ పక్కన కార్యదర్శి గారి చిన్న సంతకం ఉంది. చెప్పలేదు అనే మాట ఇంక ఎవరూ అనరాదు.

అయితే ఆ రాతను చూసి ఎందుకు నవ్వినారో నాకు అప్పుడు అర్థమైంది. మనలో చానామంది మాదిరి అతనూ ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. తెలుగు మాటను తమిళ అక్షరాల్లో రాస్తాడు. 'ముందు డబ్ అనేది, ఇప్పుడు టప్ అంటా ఉంది' అని రాసినాడు. తమిళంలో ట, డ రెంటికీ ఒకటే అక్షరం. ప, బ రెంటికీ ఒకటే. కాబట్టి కాగితం మీద పడింది 'ముందు టప్, ఇప్పుడు టప్'. రెండూ ఒకటే అయినప్పుడు ఏమి మారింది అని కమిటీలో ఒకరు అన్నారు, అందరమూ నవ్వినాము. నేనూ తమిళ మీడియంలో చదివి యాభై దాటినాక తెలుగు అక్షరాలు నేర్చుకున్నవాణ్ణే, నాకైనా తట్టి ఉండాల. అతణ్ణి పిలిచి ఒక్కసారి నోటితో చెప్పమని ఉంటే సరిపోయేది. పిలవలేదు.

ఆ తేడా చిన్నది కాదు. రైల్వేలో బండి ప్లాట్‌ఫారం మీద నిలిస్తే చక్రాన్ని సుత్తితో కొట్టి చెవి పెట్టేవాళ్ళు ఉండేవాళ్ళు. మంచి చక్రం గణగణమంటుంది, బీట ఉన్నది మొద్దుగా పలుకుతుంది. కంటికి కనపడక ముందే చెవికి తెలుస్తుంది. వాహనం తలుపుకి ఇది తలకిందులు. మెత్తగా 'డబ్' అంటే రబ్బరు మీద ఆనినట్టు. గట్టిగా 'టప్' అంటే ఇనుము ఇనుమునే కొట్టుకుంటా ఉన్నట్టు.

పోయిన శనివారం మన వీధి మూల మెకానిక్కును, ఇద్దరు సభ్యులను, డ్రైవరును పెట్టుకొని చూసినాము. చూసిన వరస చెప్తాను, ఎవరి బండికైనా పనికొస్తుంది.

మొదట అద్దాలు. అన్నీ ఎక్కించి తలుపు వేస్తే లోపలి గాలి వెనక్కి తోస్తుంది, అందుకే బరువుగా ఉంటుంది. ఒక అద్దం దించి వేసినాము. చప్పుడు అదే. అంటే గాలి కాదు. తర్వాత ఆ తలుపు అద్దాన్నే సగం దించి వేసినాము, లోపల అద్దం వదులై ఉంటే గలగల అనాలి. అనలేదు. తలుపు అడుగున నీళ్ళు కారే చిన్న రంధ్రాలు ఉంటాయి, వాటిని కమ్మితో పొడిచినాము. 2023 డిసెంబరు మిచాంగ్ వాననీళ్ళు నిలిచిన మన వీధుల్లో చానా బండ్ల తలుపుల్లో నీళ్ళు చేరి తుప్పు పట్టింది కదా. ఇందులో ఒక బొట్టూ లేదు.

ఇక అసలుది. తలుపు తెరిచి చివర పట్టుకొని పైకి ఎత్తినాము. ఏళ్ళ తరబడి మోటుగా వేసి ఉంటే కీళ్ళలో బుష్ అరిగి తలుపు కటకట కదలాల. కదలలేదు. ఎస్టిమేటులో రాసిన కొత్త కీళ్ళు ఎందుకో ఆ వర్క్‌షాపుకే తెలియాలి. తలుపు తెరిచే ఉంచి లాకు నాలుకను స్క్రూడ్రైవరుతో మెల్లగా తోసినాము. 'టిక్, టిక్' అని రెండు మెట్లు శుభ్రంగా పడినాయి. లాకూ బాగానే ఉంది. (ఇది మీరు చేస్తే, తలుపు వేసే ముందు హ్యాండిల్ లాగి నాలుకను తిరిగి వదిలించండి. మరిచి వేస్తే లాకు నిజంగానే విరుగుతుంది.)

అప్పుడు స్తంభానికి బిగించిన ఉక్కు కొక్కెం, మెకానిక్కులు స్ట్రైకర్ అంటారే, దానికి కుంకుమ నూనెలో కలిపి పూసినాము. కుంకుమ అడిగినందుకు మా ఇంటావిడ చూసిన చూపు వేరే కథ. తలుపు నిదానంగా వేసి తీసి చూస్తే లాకు నోటి నడుమ అంటాల్సిన ఎరుపు కింది పెదవికి అంటి ఉంది. కొక్కెం కిందికి దిగి ఉంది. టార్చి వేసి చూస్తే కొత్త రంగు కింద పాత రంగు అంచు గీత మాదిరి కనిపిస్తుంది. కొక్కెం పాత స్థానం అదే. ఇప్పుడున్నది దానికి రెండు మిల్లీమీటర్లు కిందికి, కొంచెం లోపలికి. రంగు వేయడానికి ఊడదీసినవాళ్ళు తిరిగి బిగించేటప్పుడు గురుతు పెట్టుకోలేదు. అంతేనా, తలుపు అంచున ఉండాల్సిన రెండు రబ్బరు గుండీలు కూడా లేవు. రంగు షాపులోనే పోయినాయి. అందుకే ఇనుము ఇనుమును కొడతా ఉంది.

కొక్కెం లోపలికి పోతే ఏమవుతుంది? తలుపు మొదటి మెట్టులో ఆగిపోతుంది. రెండో మెట్టు పడాలంటే బలంగా కొట్టాల. డ్రైవరు కొట్టినాడు. తీర్మానంలో మనం కారణం అని రాసింది నిజానికి ఫలితం.

ఇంకో సంగతి, ఇదే నన్ను ఎక్కువగా కలచింది. వారానికి రెండు రోజులు ఈ వ్యానులో డయాలిసిస్‌కు పోయే అక్కయ్య ఒకరు ఆ ఎడమ సీటులోనే కూర్చుంటారు. ఫిస్టులా ఉన్న చేతితో బలం చేయకూడదని డాక్టర్లు చెప్పి ఉంటారు. ఆవిడ తలుపును ఎట్లా కొడతారు? మెల్లగా లాగుతారు, ఒకటో మెట్టు పడుతుంది, మూసుకున్నట్టే కనిపిస్తుంది. అందుకే డ్రైవరు ప్రతిసారీ దిగి, చుట్టూ తిరిగి వచ్చి, బయటినుంచి తలుపు కొట్టి పోయేవాడు. గేటు దగ్గర కూర్చొని మనం విన్న 'మోటుతనం' అది.

మరమ్మతు ఎంతసేపు? ముక్కాలు గంట. ఉన్న చోటు పెన్సిలుతో గీసుకొని, స్క్రూలు సగమే వదులు చేసి (పూర్తిగా తీస్తే కొన్ని బండ్లలో వెనకాల పట్టీ స్తంభం లోపల పడిపోతుంది), చెక్క ముక్క పెట్టి తట్టి, బిగించి, వేసి చూసి, మళ్ళీ వదులు చేసి. మూడు సార్లకు కుదిరింది. తలుపుకీ బీడింగుకీ నడుమ కాగితం పెట్టి లాగితే నాలుగు చోట్లా ఒకటే బిగువు. లాకుకు గ్రీజు పెట్టినాము. బీడింగుకు మాత్రం గ్రీజు, నూనె రాయవద్దు, రబ్బరు ఉబ్బుతుంది. గుండీలకు 40 రూపాయలు, మెకానిక్కుకు 150. నేనే ఇచ్చినాను, సంఘం ఇవ్వనక్కరలేదు.

గ్రూపులో ఒక తమ్ముడు రాసినాడు: గుమాస్తా పని చేసినాయనకు మెకానిక్కు పని ఏమి తెలుసు అని. నిజమే నాయనా, నాకు తెలియదు. చేసింది మెకానిక్కు. నేను చూసింది తేదీలు. 24కీ 25కీ నడుమ ఒక్క రాత్రి ఉంది, అది చదవడానికి గుమాస్తా చాలు.

ఇంకొకరు, సరైపోయింది కదా, తీర్మానాన్ని ఎందుకు కెలకడం, కమిటీ మర్యాద పోతుంది అంటారు. తలుపు సరైంది. 3,100 ఇంకా సంఘం పెట్టెలోనే ఉంది. వచ్చే నెల ఇంకో 3,100 పోతుంది. అతని ఇంట్లో ఇద్దరు పిల్లలకు ఇది బడి ఫీజులు కట్టే కాలం. కమిటీ మర్యాదకు ఆ పిల్లల ఫీజు ఖర్చు పెట్టాలా?

నేను అడిగేవి మూడు. కోత రద్దు చేసి, పట్టుకున్నది తిరిగి ఇవ్వాలి. తీర్మానం పుస్తకంలో అతని మీద రాసిన వాక్యం పక్కన, అది తప్పు అని రాయాలి. లాగ్ బుక్కులో రాసినదానికి ఇకమీద ఉత్త సంతకం కాకుండా, ఏమి చేసినామో ఒక వరస రాయాలి. మొదటి రెంటికీ నేనే ప్రతిపాదిస్తాను. ముందు ఎత్తిన చేయే మళ్ళీ ఎత్తుతాను.

ఆదివారం పది గంటలకు సమావేశం. లాగ్ బుక్కు బల్ల మీద పెడతాను. వ్యాను గేటు దగ్గరే ఉంటుంది. లోపలికి వచ్చే ముందు ఎడమ తలుపు ఎవరికి వారు ఒకసారి వేసి చూడండి, రెండు వేళ్ళతో.