'సేవ్' వేరు, 'రిజర్వ్' వేరు

మన విద్యార్థులు ఆంగ్ల వ్యాకరణ సూత్రాలను చక్కగా కంఠస్థం చేస్తారు. కర్తరి వాక్యాన్ని కర్మణి వాక్యంగా మార్చుమంటే క్షణంలో మార్చగలరు. కాని సభాభవనంలో జరిగే ఉపన్యాసానికి ముందుగా వెళ్ళుచున్న మిత్రునితో "నాకొక సీటు ఉంచు" అన్న చిన్న మాటను ఆంగ్లంలో చెప్పవలసి వచ్చినప్పుడు తడబడుతారు. ఒకరు 'క్యాచ్ ఎ సీట్' అంటారు. మరొకరు 'రిజర్వ్ ఎ సీట్ టు మి' అంటారు. భావం తెలిసినది గదా, ఇంత చర్చ ఎందుకని కొందరు అడుగవచ్చును. తెలుగు బోధించువారికి ఆంగ్లపదంతో పనియేమని మరికొందరు ప్రశ్నింపవచ్చును. ఈ పొరపాటు పుట్టుచున్నది మన తెలుగులోనే గనుక దాని మూలాన్ని వివరించవలసిన బాధ్యత తెలుగువారికే ఎక్కువ ఉన్నదని మా అభిప్రాయం.

చోటును ఉంచుటకు ఆంగ్లంలో ముఖ్యంగా మూడు క్రియలు ఉన్నవి. అవి 'సేవ్', 'రిజర్వ్', 'బుక్'. ఈ మూడింటినీ మనవారు ఒకే అర్థంలో వాడుచున్నారు. వాటి పుట్టుక చూచినచో తేడా తెలియగలదు. 'సేవ్' అనునది సురక్షితమైనది అని అర్థమిచ్చు లాటిన్ పదం 'సాల్వుస్' నుండి వచ్చినది. ఇతరుల పాలు కాకుండ కాపాడుట అని దాని భావం. 'రిజర్వ్' లాటిన్ 'రెసెర్వారె' నుండి వచ్చినది. వెనుకకు తీసి విడిగా ఉంచుట దాని అర్థం. 'బుక్' అనగా పుస్తకమే. గుర్రపు బండ్లలో ప్రయాణించే కాలంలో ఇంగ్లండులో ప్రయాణికుని పేరును కార్యాలయపు పుస్తకంలో వ్రాసుకొనేవారు. అందుకే ఆ కార్యాలయం 'బుకింగ్ ఆఫీసు' అయినది. 1830ల దశకంలో థామస్ ఎడ్మండ్సన్ అనే ఆయన ముద్రిత అట్ట టికెట్టును ప్రవేశపెట్టిన తరువాత పేరు వ్రాయవలసిన పని తగ్గినది గాని, మాట మాత్రం నిలిచిపోయినది.

ఈ తేడా మన రైల్వే స్టేషన్లలో నేటికీ కనబడుచున్నది. బుకింగ్ కార్యాలయంలో సాధారణ టికెట్టు కొన్నవానికి ప్రయాణం చేసే హక్కు ఉన్నది గాని, ఫలానా సీటు తనదే అనే హక్కు లేదు. నిరీక్షణ జాబితాలో ఉన్నవాడు టికెట్టును బుక్ చేసినాడు. డబ్బు కూడా చెల్లించినాడు. కాని అతనికి సీటు ఇంకను రిజర్వు కాలేదు. "ఐ హావ్ రిజర్వ్డ్ ఎ సీట్" అని అతడు చెప్పినచో అది అసత్యమే అగును.

'సేవ్' సంగతి వేరు. అందులో రసీదు లేదు, రుసుము లేదు, జాబితా లేదు. ఒక మనిషి ఇంకొక మనిషికై కొంతసేపు చోటు కాపాడుట మాత్రమే ఉన్నది. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలో నుండి సీటుపై రుమాలు విసరుట మనవారికి కొత్త కాదు. 'ఖర్చీఫ్ వేయుట' అన్నది నేడు తెలుగులో ఒక జాతీయమే అయినది. ఆ రుమాలుకు చట్టబలం ఏమియు లేదు. ఇతరులు మన్నించినంతవరకే దాని విలువ. 'సేవ్' అనే మాటకు ఉన్న బలం కూడా అంతే. ఫోనులో నంబరు సేవ్ చేసినవారందరికీ ఈ పదం తెలుసును గాని, సీటు విషయంలో మాత్రం అది నోటికి రాదు. మన 'పట్టు' అనే క్రియను యథాతథంగా అనువదించి 'క్యాచ్' అంటారు. సీటు పరుగెత్తునది కాదు గనుక దానిని క్యాచ్ చేయవలసిన అగత్యం లేదు.

ఇక విభక్తి సంగతి. "సేవ్ మి ఎ సీట్" అన్నను, "సేవ్ ఎ సీట్ ఫర్ మి" అన్నను సాధువే. "సేవ్ ఎ సీట్ టు మి" అనుట మాత్రం దోషం. ఈ దోషానికి కారణం మన 'కు' ప్రత్యయం. "నాకు పుస్తకం ఇవ్వు", "నాకు సీటు ఉంచు" అనే రెండు వాక్యాలలోను తెలుగు 'నాకు' అనియే అంటుంది. ఆంగ్లం ఈ రెండింటినీ వేరు చేస్తుంది. వస్తువు ఒకరి చేతి నుండి మరొకరి చేతికి పోవునప్పుడు 'టు' వచ్చును. ఒకరి మేలు కోరి చేయు పనికి 'ఫర్' వచ్చును. సీటు చేతికి అందించబడునది కాదు. మన కొరకు కాపాడబడునది. ఈ విషయంలో మా ఉర్దూ విద్యార్థులు అదృష్టవంతులు. "ముఝే కితాబ్ దో" అనియు, "మేరే లియే జగహ్ రఖో" అనియు వారి భాష ముందే ఈ భేదాన్ని పాటించుచున్నది. తెలుగు విద్యార్థులు 'నాకు' అనుటకు బదులు 'నా కొరకు' అని మనసులో ఒకసారి అనుకొన్నచో 'ఫర్' తనంతట తానే వచ్చును.

'మి' అనుటకును 'మై' అనుటకును గల భేదం కూడ గమనింపదగినది. "సేవ్ మి ఎ సీట్" అనునది ఇంకను రానివాడు చెప్పు మాట. "సేవ్ మై సీట్" అనునది కూర్చున్న చోటి నుండి లేచి మంచినీళ్ళకు పోవువాడు చెప్పు మాట. మొదటివాడు చోటు కోరుచున్నాడు. రెండవవాడు తన చోటును నిలుపుకొనుచున్నాడు.

జవాబు చెప్పుటలోను చిక్కు ఉన్నది. మనం "ఈ సీటు ఖాళీయేనా?" అని అడుగుతాము, 'అవును' అంటే కూర్చుంటాము. ఆంగ్లేయుడు "ఈజ్ దిస్ సీట్ టేకెన్?" అని అడుగుతాడు. అక్కడ 'యెస్' అన్నచో సీటు లేదని అర్థం. ఖాళీగా ఉన్న కుర్చీని చూపి మనం "మనిషి ఉన్నాడండీ" అంటాము. ఆ మాటనే "పర్సన్ ఈజ్ దేర్" అని అనువదించినచో వినువాడు కుర్చీ వైపు వింతగా చూచును. "అయామ్ సేవింగ్ దిస్ సీట్ ఫర్ ఎ ఫ్రెండ్" అని చెప్పుట మర్యాద, అడిగినవాడు నొచ్చుకొనడు.

అసలు చెప్పదలచిన విషయం ఇప్పుడు చెబుతాము. సేవ్ చేసిన చోటు ఒకరి దయ. రిజర్వు చేసిన చోటు ఒకరి హక్కు. భారత రాజ్యాంగం 330వ అధికరణంలో లోక్‌సభ స్థానాలను షెడ్యూల్డు కులాలకు, తెగలకు ప్రత్యేకించునప్పుడు వాడిన క్రియ 'రిజర్వ్'. దాని వెంట వచ్చిన విభక్తి 'ఫర్'. అక్కడ 'సేవ్' అనే మాట పొసగదు. ఎవరో పెద్దమనసుతో రుమాలు వేసి ఉంచిన చోటు కాదది. జాతి తన శాసనంలో వ్రాసుకొన్న చోటు. తెలుగులో 'కేటాయించు' అనే మంచి మాట మనకు ఉన్నది. 'ఉంచు', 'కేటాయించు' అనే రెండు మాటల నడుమ గల దూరమే 'సేవ్', 'రిజర్వ్' అనే మాటల నడుమ ఉన్నది.

కళాశాలలో కేటాయించిన స్థానంలో చేరిన విద్యార్థిని చూచి ఎవరో జాలితో ఇచ్చినారన్నట్లు మాట్లాడువారు ఉన్నారు. వారు రిజర్వు చేసిన చోటును సేవ్ చేసిన చోటుగా భ్రమించుచున్నారు. ఆ విద్యార్థి కూడ అదే భ్రమలో పడి తలవంచుకొని కూర్చున్నచో అది వ్యాకరణ దోషం కన్న పెద్ద దోషం. మరొక వైపు, మిత్రుడు స్నేహంతో ఉంచిన సీటును హక్కుగా భావించి, ఆలస్యంగా వచ్చి, కృతజ్ఞత కూడ చెప్పనివారు ఉన్నారు. ఇది దానికి ఎదురు దోషం.

కావున మా విద్యార్థినీ విద్యార్థులకు మేము చెప్పునది ఇంతే. మిత్రుని అడిగేటప్పుడు 'సేవ్' అనండి. చోటు దొరికిన తరువాత కృతజ్ఞత చెప్పండి. కౌంటరు వద్ద 'బుక్' అనండి. టికెట్టును చదివి చూచుకొనండి. చట్టం మీ కొరకు 'రిజర్వ్' చేసిన చోట మాత్రం ఎవరినీ బతిమాలక, ఎవరికీ జంకక, నిటారుగా కూర్చొనండి.