పాత గూటికి పదకొండేళ్లకు

రెండు ఫొటోలు మీ ఫోన్‌కూ వచ్చే ఉంటాయి. మొదటిది 2022 మే 28 నాటిది. పారిస్‌లో రియల్ మాడ్రిడ్, లివర్‌పూల్ మధ్య ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. స్టాండ్స్‌లో అభిమానుల మధ్య ఒక స్పెయిన్ ఆటగాడు ఉన్నాడు. టికెట్ పట్టుకుని మ్యాచ్ చూడటానికి వచ్చినవాడే తప్ప ఆడటానికి వచ్చినవాడు కాదు. రెండోది 2024 జూన్ 1, లండన్‌లోని వెంబ్లీ స్టేడియం. అదే మనిషి, ఈసారి రియల్ మాడ్రిడ్ జెర్సీలో, విజేతల పతకంతో. కింద ఓపిక గురించో, కలల గురించో ఒక వాక్యం ఉంటుంది.

ఆ మనిషి హోసెలు. పూర్తి పేరు హోసె లూయిస్ మాతో సన్‌మార్టిన్, రెండో ఫొటో నాటికి వయసు 34. 2024 జూలై 14న బెర్లిన్‌లో ఇంగ్లండ్‌ను ఓడించి యూరో కప్ గెలిచిన స్పెయిన్ జట్టులోనూ ఉన్నాడు. నెలన్నరలో రెండు పెద్ద కప్పులు. అదే వేసవిలో మాడ్రిడ్ వదిలి ఖతర్ క్లబ్ అల్ గరాఫాలో చేరిపోయాడు.

ఫొటోలు నిజమే. వాటి కింద రాసే వాక్యంతోనే చిక్కు. ఓపిక పట్టాడు, కప్పు వచ్చింది అని చెబితే మధ్యలో జరిగిన అసలు సంగతి ఎగిరిపోతుంది. క్యాంపస్‌లకు కంపెనీలు వచ్చే ఈ రోజుల్లో, మొదటి ఉద్యోగం ఎలా ఉండాలా అని తలపట్టుకున్న వాళ్లకు పనికొచ్చేది ఆ సంగతే.

ఒకే జట్టు, ఇద్దరు కుర్రాళ్లు

హోసెలు పుట్టింది జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో. స్పెయిన్ వాయవ్యాన ఉన్న గలీసియా నుంచి బతుకుదెరువుకు వెళ్లిన కుటుంబం వాళ్లది. అతనికి నాలుగేళ్లప్పుడు సొంత ప్రాంతానికి తిరిగొచ్చారు. సెల్టా వీగో క్లబ్‌లో ఆట నేర్చుకున్నాడు. అక్కడి నుంచి రియల్ మాడ్రిడ్ రెండో జట్టు కాస్టియాకు వెళ్లాడు.

2011 మే 21న మొదటి జట్టుతో తొలి అవకాశం. అల్మేరియాపై 8-1తో గెలిచిన మ్యాచ్ అది. చివర్లో బెంజెమా స్థానంలో దిగి, రొనాల్డో పాస్‌తో గోల్ కొట్టేశాడు. ఆ తర్వాత కింగ్స్ కప్‌లో మరో మ్యాచ్, అందులోనూ ఒక గోల్. మొత్తం రెండు మ్యాచ్‌లు, రెండు గోల్స్. రెండుసార్లూ సబ్‌స్టిట్యూట్‌గా వచ్చినవాడే. కాగితం మీద చూస్తే ఇంతకన్నా మంచి ట్రాక్ రికార్డు ఏముంటుంది? అయినా క్లబ్ ఉంచుకోలేదు. ముందు వరుసలో బెంజెమా, హిగ్వయిన్, రొనాల్డో ఉన్నారు మరి. తప్పు కుర్రాడిదీ కాదు, క్లబ్‌దీ కాదు. ఖాళీ లేదు, అంతే.

2012లో కాస్టియా జట్టు రెండో డివిజన్‌కు ఎదిగింది. అదే వేసవిలో అందులోని ఇద్దరు జర్మనీకి వెళ్లారు. హోసెలు హాఫెన్‌హైమ్‌కు, రైట్ బ్యాక్ డాని కార్వహాల్ లెవర్‌కూసెన్‌కు. కార్వహాల్‌ను అమ్మేటప్పుడే కావాలంటే తిరిగి కొనుక్కునే హక్కును మాడ్రిడ్ తన దగ్గర ఉంచుకుంది. ఏడాది తిరగకుండానే వెనక్కి పిలిచింది. ఇవాళ అతని ఖాతాలో ఆరు ఛాంపియన్స్ లీగ్ టైటిళ్లున్నాయి. హోసెలు తిరిగి రావడానికి పదకొండేళ్లు పట్టింది. ఈ ఇద్దరూ ఇప్పుడు తోడల్లుళ్లు కూడా, కవల అక్కచెల్లెళ్లను పెళ్లి చేసుకున్నారు. పారిస్‌లో హోసెలు స్టాండ్స్‌లో కూర్చున్న రోజున మైదానంలో ఆడుతున్నది కార్వహాలే.

పండగ పూట ఒకే ఇంట్లో భోజనానికి కూర్చునే ఇద్దరిలో ఒకరికి అన్నీ దొరికి, ఇంకొకరు ఇంకా ఊళ్లు తిరుగుతుంటే ఎలా ఉంటుందో మన ఇళ్లలో వేరే చెప్పక్కర్లేదు. ఒకే బ్యాచ్, ఒకే బెంచ్, ఒకరికి మొదటి డ్రైవ్‌లోనే ఆఫర్. ఆ తేడాను ప్రతిభకు కొలతగా తీసుకుంటే హోసెలు 22 ఏళ్లకే ఓడిపోయినట్టు లెక్క.

అంకెలు ఎవరివి?

ఆ పదకొండేళ్లలో అతను తిరగని చోటు లేదు. హాఫెన్‌హైమ్ నుంచి లోన్‌పై ఐన్‌ట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్, తర్వాత హనోవర్. 2015లో ఇంగ్లండ్‌కు, స్టోక్ సిటీ. అక్కడ మొదటి సీజన్ లీగ్‌లో 4 గోల్స్. మళ్లీ లోన్, ఈసారి సొంత గలీసియాలోని డిపోర్టివో లా కోరున్యా. 2017లో 50 లక్షల పౌండ్లకు న్యూకాజిల్.

న్యూకాజిల్ దగ్గర కొంచెం ఆగాలి. రెండు సీజన్లలో ప్రీమియర్ లీగ్‌లో అతను కొట్టినవి 6 గోల్స్. స్ట్రైకర్ రెజ్యూమెలో అది చెప్పుకునే అంకె కాదు. అప్పటి కోచ్ రఫా బెనితెజ్ ముందు జట్టును కాపాడుకోవాలి అనే పద్ధతి మనిషి. ముందు ఒక్కడే ఫార్వర్డ్, మిగతావాళ్లు వెనక. బంతి పట్టి నిలబెట్టడం, డిఫెండర్లతో కుస్తీ పట్టడం, ప్రత్యర్థి మీదికి పరుగెత్తి ఒత్తిడి పెట్టడం అతని డ్యూటీ. గోల్ దగ్గర అతను ఉండే సమయమే తక్కువ. రెండో ఏడాది రొండోన్ లోన్‌పై వచ్చాక హోసెలు బెంచీకి చేరాడు.

2019లో స్పెయిన్‌కు తిరిగొచ్చి అలవెస్‌లో చేరాడు. చిన్న ఊరు, చిన్న క్లబ్. మూడు లా లిగా సీజన్లలో వరుసగా 11, 11, 14. మొత్తం 36 గోల్స్! న్యూకాజిల్‌లో రెండేళ్లకు ఆరు కొట్టిన మనిషే. 29 ఏళ్లకు కొత్తగా కాళ్లు మొలవలేదు కదా. ఇతను ఎత్తయినవాడు, తలతో బాగా ఆడతాడు, పెనాల్టీ బాక్సులో ఎక్కడ నిలబడాలో తెలిసినవాడు. ఆ జట్టు ఆటలో పక్కల నుంచి క్రాస్‌లు వచ్చేవి, తోడుగా లూకాస్ పెరెజ్ అనే మరో ఫార్వర్డ్ ఉండేవాడు. మొదటి సీజన్‌లో ఇద్దరూ చెరో 11 కొట్టారు. అతనికి వచ్చిన పనే జట్టుకు కావాల్సిన పని అయింది. తేడా అదే.

నా ఉద్దేశంలో ఈ కెరీర్‌లో చదవాల్సిన పేజీ వెంబ్లీది కాదు, ఇది. మొదటి ఉద్యోగంలో రేటింగ్ తక్కువ వస్తే 'నాకు చేతకాదు' అనుకునేవాళ్లే ఎక్కువ. అప్పుడప్పుడూ అది నిజమే కావచ్చు, దాచుకోనక్కర్లేదు. కానీ ఆ అంకెలో కొంత మీది, కొంత మీకు అప్పగించిన పనిది, కొంత టీమ్‌ది. టెస్టింగ్‌లో వేస్తే రాణించనివాడు క్లయింట్‌తో మాట్లాడే పనిలో వెలిగిపోవచ్చు. ఏ వాటా ఎంతో విడదీసి చూసుకోవడం కష్టం. విడదీయకుండా ఆ ఒక్క అంకెతో మిమ్మల్ని మీరు తూచుకుంటే మాత్రం లెక్క తప్పడం ఖాయం.

దీనికి రెండో వైపూ ఉంది. 14 గోల్స్ కొట్టిన ఏడాదే అలవెస్ కింది డివిజన్‌కు పడిపోయింది. పారిస్ ఫొటో ఆ రోజులదే. క్లబ్ మునిగింది, కాంట్రాక్టు అయిపోతోంది, ఇతను బావగారి మ్యాచ్‌కు వెళ్లాడు. తర్వాత ట్రాన్స్‌ఫర్ ఫీజు లేకుండా ఎస్పాన్యోల్‌లో చేరి 2022-23లో 16 గోల్స్ కొట్టాడు. లీగ్‌లో లెవాండోవ్‌స్కీ, బెంజెమాల తర్వాత అతనే. ఎస్పాన్యోల్ కూడా పడిపోయింది! మన పని మనం బాగా చేసినా కంపెనీ నిలబడుతుందన్న హామీ లేదు. లేఆఫ్‌ల వార్తలు చదువుతున్న తరానికి ఇది విడమరిచి చెప్పాలా?

ఖాళీ ఎలా పుట్టింది

2023 మార్చి 25న మాలగాలో నార్వేపై స్పెయిన్ మ్యాచ్. ఖతర్ ప్రపంచకప్ తర్వాత లూయిస్ ఎన్రికే వెళ్లిపోయి, లూయిస్ డి లా ఫ్యూంటె కోచ్‌గా వచ్చిన మొదటి మ్యాచ్. 81వ నిమిషంలో హోసెలుకు దేశం తరఫున తొలి అవకాశం. 84లో ఒకటి, 85లో ఇంకొకటి. 33వ పుట్టినరోజుకు అప్పటికి రెండు రోజులుంది. జూన్‌లో నేషన్స్ లీగ్ సెమీస్‌లో ఇటలీపై 88వ నిమిషంలో గెలుపు గోల్ కూడా అతనిదే. ఏళ్ల తరబడి పిలవని చోటు నుంచి పిలుపు రావడానికి అతని గోల్స్ ఒక కారణమైతే, కుర్చీలో మనిషి మారడం ఇంకో కారణం.

అదే జూన్‌లో బెంజెమా మాడ్రిడ్ వదిలి సౌదీ వెళ్లిపోయాడు. ఇంకో స్ట్రైకర్ మరియానో కాంట్రాక్టూ ముగిసింది. ఎంబాపే కోసం కన్నేసి ఉంచిన క్లబ్‌కు మధ్యలో ఒక్క ఏడాది గడవాలి. వందల కోట్లు పోసి ఇంకొకరిని కొనడం ఇష్టం లేదు. ఇంకోపక్క ఎస్పాన్యోల్ పడిపోవడంతో హోసెలు చవగ్గా దొరికాడు. ఏడాది లోన్, నచ్చితే 15 లక్షల యూరోలకు కొనుక్కునే వీలు అని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ వేసవిలోనే హ్యారీ కేన్ కోసం బయెర్న్ మ్యూనిక్ 10 కోట్ల యూరోలు దాటి ఖర్చు పెట్టింది.

అంటే మాడ్రిడ్ పిలిచింది సూపర్‌స్టార్‌ను కాదు. ముందు వరుసలో వినీషియస్, రోడ్రిగో ఖాయం, వాళ్ల వెనక బెలింగమ్. వీళ్లతో పని జరగని రోజు బాక్సులో నిలబడి తలతో కొట్టే మనిషి ఒకడు కావాలి. ఇరవై నిమిషాలు ఆడమంటే ముఖం మాడ్చుకోనివాడు కావాలి. ఆ సీజన్‌లో అన్ని పోటీల్లో కలిపి 17 గోల్స్ కొట్టాడు.

2024 మే 8. ఛాంపియన్స్ లీగ్ సెమీస్ రెండో మ్యాచ్, ప్రత్యర్థి బయెర్న్. ఆ జట్టు 1-0 ఆధిక్యంలో ఉంది. గోల్‌కీపర్ నోయర్ గోడలా నిలబడ్డాడు. 81వ నిమిషంలో హోసెలు దిగాడు. ఇక గెలిచేశామనుకున్నారో ఏమో, 85లో బయెర్న్ కేన్‌ను బయటికి పిలిచింది. 88లో వినీషియస్ కొట్టిన బంతి నేరుగా నోయర్ చేతుల్లోకి వెళ్లింది. వందలో తొంభై తొమ్మిది సార్లు అతను పట్టే బంతి. జారింది. ఆ గోల్ వీడియో మళ్లీ చూడండి, బంతిని కాదు, హోసెలును చూడండి. జారాక పరుగెత్తలేదు, జారుతుందేమోనని ముందే పరుగులో ఉన్నాడు. అలా ఎన్ని వందల సార్లు పరుగెత్తితే బంతి జారలేదో ఎవరూ వీడియో తీయరు. మూడు నిమిషాలకు రూడిగర్ క్రాస్ అందుకుని రెండోది. లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ జెండా ఎత్తితే వీఏఆర్ చూసి గోల్ ఇచ్చారు. మాడ్రిడ్ ఫైనల్‌కు వెళ్లింది.

ఎదురుచూపు రెండు రకాలు

ఈ కథను 'ఓపిక పడితే వస్తుంది' అని వాడుకుంటే నాకున్న భయం ఒకటే. నోటిఫికేషన్ కోసమో, కలల కంపెనీ కోసమో రూమ్ తీసుకుని నాలుగేళ్లు గడిపేసిన వాళ్లు దీన్ని తమకు దొరికిన సాక్ష్యం అనుకుంటారు. హోసెలు ఎదురుచూసింది అలా కాదు. ఆ పదకొండేళ్లలో ప్రతి సీజనూ ఏదో ఒక క్లబ్ జీతం ఇచ్చింది, శనాదివారాల్లో ఎక్కడో ఒకచోట ఆడుతూనే ఉన్నాడు. జర్మనీ, ఇంగ్లండ్, స్పెయిన్‌లలో మూడు రకాల ఆట నేర్చుకున్నాడు. మాడ్రిడ్ పిలవకపోయినా అది గౌరవంగా బతికిన కెరీరే. పోటీ పరీక్షలకు చదవొద్దని కాదు. చదువుతున్న ఏళ్లలో చేతికి ఇంకేదైనా పని వస్తోందా అన్నది లెక్క.

అతనిలా ఊళ్లు తిరిగే స్పెయిన్ ఫార్వర్డ్‌లు బోలెడు మంది. 2020-21లో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఆడి 10 గోల్స్ కొట్టిన అరిదానె సంతానా మన ఫుట్‌బాల్ అభిమానులకు గుర్తుండే ఉంటాడు. లాస్ పాల్మాస్ నుంచి వచ్చినవాడు. అతనికి మాడ్రిడ్ నుంచి పిలుపు రాలేదు. హోసెలు లాంటి వాళ్లలో చాలామందికి రాదు. ఫొటో ఒకరిదే వైరల్ అవుతుంది.

2024 జూన్ 3న ఎంబాపే వస్తున్నాడని మాడ్రిడ్ ప్రకటించింది. బ్రెజిల్ కుర్రాడు ఎండ్రిక్ సంగతి అంతకు ముందే ఖరారైంది. ఆ ఒక్క ఏడాది ఖాళీ నిండిపోయింది. యూరోలో హోసెలు ఆడింది తక్కువే. అల్బేనియాపై మొదటి నుంచి దిగాడు, క్వార్టర్స్‌లో జర్మనీపై అదనపు సమయంలో వచ్చాడు, ఒక్క గోల్ లేదు. ఫైనల్‌లో బెంచీ మీదే ఉన్నాడు. చిన్నప్పటి నుంచి కోరుకున్న క్లబ్‌లో ఇంకో ఏడాది ఉండి, నాలుగో ఐదో నంబరుగా డగౌట్‌లో కూర్చోవచ్చు. లేదా ఎవరో ఒకరికి నిజంగా అవసరమైన చోటికి వెళ్లవచ్చు. అతని కెరీర్‌లో అల్ గరాఫా పదకొండో క్లబ్.