సర్దుకోవడమా, సర్దుకుపోవడమా?

స్త్రీల హక్కుల పత్రికలో స్కూబా డైవింగ్ గొడవేమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. డబ్బూ తీరికా ఉన్నవాళ్ళ సరదా కదా అది. నిజమే, కాదనను. అయినా అందులో మనకు బాగా తెలిసిన పాత ప్రశ్న ఒకటి ఉంది. ఒక పనిముట్టును ఎవరి శరీరాన్ని దృష్టిలో పెట్టుకుని చేస్తారు? ఆ శరీరం లేనివాళ్ళు ఏం చేయాలి?

నాది ఎడమచేతి వాటం. ఇంట్లో 'పుర్రచెయ్యి' అనేవారు. ప్రసాదం కోసం ఆ చెయ్యి ముందుకొస్తే దెబ్బ పడేది. ఆడపిల్లని కనుక 'రేపు అత్తారింట్లో ఎలా వడ్డిస్తావే' అన్నది అదనం. నలభై దాటాక, అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో (2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్) నీళ్ళలోకి దిగడం నేర్చుకోబోతే శిక్షకుడు కూడా ఆ మాటే అన్నాడు, మరోలా. "అందరికీ ఇలాగే ఉంటుంది, మీరే అడ్జస్ట్ కావాలి మేడమ్." ఏ భాషలో అన్నా ఆ మాట మనకు తెలుగులోనే వినిపిస్తుంది: సర్దుకుపో.

ఆ సామగ్రి అమరిక ఇలా ఉంటుంది. వీపున గాలి సిలిండరు. దానినుంచి నోటికి గాలి తెచ్చే రెగ్యులేటర్ గొట్టం కుడి భుజం మీదుగా వస్తుంది. ఆపదలో తోటివారికిచ్చే రెండో రెగ్యులేటరూ మామూలుగా కుడిపక్కే. జాకెట్‌లోకి గాలి నింపే, వదిలే మీట ఎడమపక్క. గాలి ఎంత మిగిలిందో చూపే మీటరూ అటే. నడుముకు కట్టుకునే సీసపు బరువుల బెల్టు కుడిచేత్తో లాగితే ఊడిపోతుంది. నోట్లోంచి రెగ్యులేటర్ జారిపోతే కుడిపక్కకు వాలి, కుడిచేతిని వెనకనుంచి ముందుకు తిప్పి గొట్టాన్ని అందుకోమని నేర్పుతారు. నా చెయ్యి మాత్రం కంగారులో ఎడమపక్కే వెతుకుతుంది. పైగా పైకి వచ్చేటప్పుడు జాకెట్‌లో గాలి వదలడానికి ఎడమచెయ్యే కావాలి. అంటే నాకు పనికొచ్చే చెయ్యి మీట దగ్గరే ఉండిపోతుంది, టార్చి నాకు చేతకాని చేతిలోకి పోతుంది.

పోనీ, రెగ్యులేటర్‌ను ఎడమనుంచి తిప్పి పెట్టుకుందామా? మామూలు రకానికి ఊపిరి బయటికి పోయే కవాటం కింద ఉంటుంది. తిప్పితే అది పైకొస్తుంది, గాలితోపాటు నీళ్ళూ నోట్లోకి వస్తాయి.

దీన్నంతా ఎవరో కుట్రపన్ని చేశారని కాదు. 1943లో ఫ్రాన్స్‌లో కూస్తో, గాన్యాఁ తయారుచేసిన పరికరానికి తలకు రెండువైపులా రెండు గొట్టాలుండేవి. తర్వాత ఒకే గొట్టం వాడుకలోకి వచ్చినప్పుడు అది ఏదో ఒక పక్కనుంచి రావాలి, కుడినుంచి వచ్చింది. కాని ఎంత లోతులో ఎంతసేపు ఉండవచ్చో చెప్పే అమెరికా నౌకాదళపు పట్టికలను పరీక్షించింది ప్రధానంగా దృఢకాయులైన పడుచు మగ నావికుల మీద. ఆ నౌకాదళపు లోతు సముద్రపు డైవింగ్ శిక్షణను ఒక స్త్రీ, డోనా టోబియస్, మొదటిసారి పూర్తిచేసింది 1975లో. కొలత తీసుకునే చోట మనం లేము. అద్దె దుకాణంలో జాకెట్ ఛాతీ దగ్గర నొక్కి, నడుము దగ్గర వేలాడటానికి కారణం వేరే వెతకనక్కర్లేదు.

ఇక్కడ నా స్త్రీవాద మిత్రులతో నాకు చిన్న పేచీ. నియమం కనబడితే చాలు, తెంచేయాలంటాం మనం. నీటి అడుగున అది కుదరదు. గాలి అయిపోయిన నా జోడీ, భయంతో, వెతక్కుండానే నా రెండో రెగ్యులేటర్‌ను అందుకోగలగాలి. నేను స్పృహ తప్పితే నా బెల్టును ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఊడదీయాలి. ఆ రెండూ నా ఒక్కదాని సొత్తు కావు, అందుకే వాటి జోలికి నేను పోలేదు. టార్చి, రాత పలక, కత్తి ఎక్కడుండాలన్నది మాత్రం నా ఇష్టం. కుడిచేతివాళ్ళకు ఎడమ పిక్క లోపలివైపు కట్టుకోమని చెప్పే కత్తిని నేను కుడి పిక్కకు కట్టుకుంటే ఎవరికి నష్టం? శిక్షకుడు ఈ రెంటినీ ఒకే గాటన కట్టి 'రూలు' అన్నాడు. మన పెద్దవాళ్ళూ అంతే కదా.

మారలేవనుకున్నవీ కొన్ని మారాయి. స్వీడన్‌లోని పోసైడన్ కంపెనీ చేసే కొన్ని రెగ్యులేటర్లలో ఊపిరి పక్కనుంచి బయటికి పోతుంది. వాటిని ఎటునుంచైనా పెట్టుకోవచ్చు. అద్దె దుకాణంలో అవి ఉన్నాయా అని అడిగితే నవ్వారు.

రెండోరోజు టార్చిని ఎడమ మణికట్టుకు తాడుతో కట్టుకున్నాను. మీట నొక్కాల్సి వచ్చినప్పుడు వదిలేస్తే అక్కడే వేలాడుతుంది. దిగేముందు ఒకరి సామగ్రిని ఒకరు తడిమి చూసుకోవడం అందరికీ నేర్పేదే. నా జోడీగా వచ్చిన అమ్మాయికి ఏది ఎక్కడుందో చూపించాను. ఆమె ఒక్కొక్కటీ ముట్టుకుని, సరేనంది. పట్టింది ఒక్క నిమిషం.

డైవింగ్ సంగతి అలా ఉంచి మన కుట్టు శిక్షణ కేంద్రాలకే వద్దాం. మిషను చక్రం కుడిపక్క ఉంటుంది, దాన్ని మనం మార్చలేం. కత్తెరను మార్చగలం. మామూలు కత్తెర ఎడమచేత పడితే అలుగులు ఎడంగా జరిగి గుడ్డ నలుగుతుంది, గీసిన గీత కనబడదు. పదిమందిలో ఒకరు ఎడమచేతి వాటంవాళ్ళని లెక్క. ఆ ఒకర్ని మనం 'చేతిపని రానిది' అంటాం. చేర్చుకునేటప్పుడు ఫారంలో కులం, వయసు, చదువు, భర్త పేరు కూడా అడుగుతాం. ఏ చేతి వాటమో అడిగిన ఫారం నేనింతవరకూ చూడలేదు.